తొమ్మిదివందల ఏళ్ళ పెళ్ళికొడుకు

గుర్రం ఆగకముందే కిందికి దూకి, ఆలస్యంగా ఆగావని దాన్ని కోప్పడే రకం అరిందముడు. కనకవేణి రాజ్యానికి రెండో రాకుమారుడు. నెల ముందే పుట్టాడు. ఆనాటి తొందర ఈనాటికీ తగ్గలేదు. విస్తరి వేస్తుండగానే భోంచేసి లేచేవాడు. గురువుగారు శ్లోకం మొదటి పాదం చెబితే మిగిలిన మూడూ తనే కల్పించి అప్పజెప్పేవాడు. కత్తియుద్ధంలో అతన్ని గెలిచినవాడు లేడు. ఎదుటివాడు ఒరలోంచి కత్తి తీసేసరికే యుద్ధం అయిపోయేది.

అలాంటివాడు కూడా శీతకూట పర్వతాలు కనబడగానే కళ్ళెం లాగి, కాసేపు నోరు తెరుచుకుని చూశాడు.

ఉత్తరాన ఆకాశం అంచు మీద వెన్నముద్దలు పేర్చినట్టు శిఖరాలు. వాటి నడుములకు పలచని మల్లు పంచెల్లా మంచుతెరలు. పైనుంచి దూకబోయిన సెలయేళ్ళు సగంలోనే గడ్డకట్టి గాజు జడల్లా వేలాడుతున్నాయి. ఎండ తగిలినప్పుడల్లా ఆ జడల్లో రంగురంగుల మెరుపులు పుట్టి మాయమవుతున్నాయి. చెట్టు లేదు, తీగ లేదు, పిట్ట కూత లేదు. ఉన్నవన్నీ రాళ్ళే. అయితే ఆ రాళ్ళను చూసి మన తోటలు సిగ్గుపడాలి. పసుపుపచ్చ, కాషాయం, పావురాయి రంగు, లేత చిలకపచ్చ! ఎవరో తీరిగ్గా కూర్చుని ఒక్కో రాయికీ గుండ్రంగా ముగ్గు పెట్టినట్టున్నాయి ఆ మచ్చలు.

ఆ రాళ్ళలో ఒకటి అతని అన్న.

అన్న పేరు జయకేతుడు, కనకవేణికి యువరాజు. స్నేహం కోరి శీతకూటానికి రాయబారం వచ్చాడు. ఈ కొండదేశాన్ని చెప్పుచేతల్లో పెట్టుకున్న మాంత్రికుడు ధూమశిఖుడు అతన్ని రాయిని చేసి, ఊరి బయట నిలువురాళ్ళ బయలులో నిలబెట్టాడు. వార్త వినగానే అరిందముడు బయలుదేరాడు. అన్నమీద ప్రేమ ఒక కారణం. అన్న తిరిగి రాకపోతే సింహాసనం తన మెడకు చుట్టుకుంటుంది, సింహాసనమంటే రోజంతా ఒకేచోట కూర్చోవడం. అది రెండో కారణం. ఏది పెద్ద కారణమో అతన్ని అడిగితే, ఆలోచించడానికి తీరిక లేదనేవాడు.

పరాయి దేశంవాడని తెలిస్తే తననూ రాయిని చేస్తారు. అందుకని గుర్రాన్ని లోయలో వదిలి, గొర్రెతోలు కప్పుకుని, చేతికర్ర పుచ్చుకుని ఊరి వాకిటికి వచ్చాడు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు కాపలావాడు.

"ఎగువపల్లె గొర్రెలకాపరిని."

"గొర్రెలేవి?"

"వెనక వస్తున్నాయి. నేనే కాస్త ముందొచ్చాను."

"సరే, నీ పొడ చూపించి లోపలికి పో."

అరిందముడు తెల్లబోయాడు. పొడ అంటే ఏమిటో అతనికి తెలియదు. శీతకూటంలో అది తెలియనివాడు తన పేరు తెలియనివాడి కింద లెక్క.

రాళ్ళమీద అతను చూసిన ఆ రంగుల మచ్చలే పొడలు. పాచి కాదు, మొక్క కాదు, బూజూ కాదు. మన వంటింటి మసాలా డబ్బాలో ఉండే రాతిపువ్వుకు దూరపు చుట్టం. ఆ దేశంలో బిడ్డ పుట్టగానే తల్లి తన పొడలోంచి చిన్న పెచ్చు గిల్లి, ఒక శుభ్రమైన రాతికి అంటిస్తుంది. అక్కడినుంచి బిడ్డతోపాటే పొడ పెరుగుతుంది. పెరుగుతుందంటే పరుగెత్తదు. బిడ్డ నడక నేర్చేనాటికి ఆవగింజంత, మాటలు తిరిగేనాటికి మిరియమంత, పెళ్ళీడుకు చింతగింజంత. ముసలితనం వచ్చేసరికి రూపాయి బిళ్ళంత అయితే అదే గొప్ప. మనిషి వయసెంతో అక్కడ నోటితో అడగరు. వెళ్ళి వాళ్ళ పొడ చూసొస్తారు. పొడ మీద చెయ్యి వేసి చెప్పిన మాటను అనుమానించరు, చెప్పినవాళ్ళు వెనక్కి తీసుకోరు.

ఇవేవీ అరిందముడికి తెలియవు. తనకంటే ముందున్న మనిషి బయల్లోకి వెళ్ళి, ఒక రాతిమీది మచ్చను తాకి, "ఇది నా పొడ" అని లోపలికి పోవడం మాత్రం చూశాడు. ఇంతేనా అనుకుని తనూ వెళ్ళాడు.

రాజుల ఇంట పుట్టినవాళ్ళకు ఒక అలవాటుంటుంది. ముందు ఎన్ని వస్తువులు పెట్టినా చెయ్యి పెద్దదాని మీదికే పోతుంది. బయలు నడిమధ్య రెండు నిలువుల ఎత్తున ఒక రాయి ఉంది. దాని రొమ్మున, కాషాయరంగు అంచుతో, చేటంత పొడ ఉంది. అరిందముడు దానిమీద అరచెయ్యి ఆనించి గట్టిగా అరిచాడు.

"ఇది నా పొడ!"

ఉన్ని వడుకుతున్న ఆడవాళ్ళు కదుళ్ళు ఆపేశారు. కాపలావాడి చేతిలోంచి ఈటె జారి సొంత కాలిమీదే పడింది. అతను 'అబ్బా' అనడం కూడా మరిచాడు.

"చేటంత పొడ..." అన్నాడు చివరికి. "తాతగారూ, తమరికి తొమ్మిది వందల ఏళ్ళు దాటినట్టున్నాయి కదా?"

పాతికేళ్ళ అరిందముడు ఒక్క క్షణం తడబడ్డాడు. మాట వెనక్కి తీసుకుంటే బండారం బయటపడుతుంది. అందుకని గడ్డం నిమురుకోబోయాడు. గడ్డం లేదు. చుబుకం నిమురుకున్నాడు.

"దాటాయి. అయితే ఏం?"

జనం ఒక్కొక్కరే వంగి దణ్ణం పెట్టారు. వంగనిది ఒక్క ముసలావిడే. నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని పైనుంచి కిందికి ఎగాదిగా చూసింది. పేరు నీలవ్వ. ఆ ఊరి పొడకాపరి, రాళ్ళకు పొడలు అంటించి కంటికి రెప్పలా చూసుకునే మనిషి.

"చూసుకో తాతా," అంది. "ఇంతమందిలో చెయ్యి వేసి చెప్పావు. పొడ నీదైతే, ఆ పొడ పేర మిగిలిపోయిన పనులన్నీ కూడా నీవే. మా కట్టుబాటు తెలుసుగా?"

"తెలుసు, తెలుసు. చేసేస్తాను. ముందు దారి వదలండి," అన్నాడు అరిందముడు. ఏ పనులని అడిగే తీరిక అతనికెక్కడిది?

*

ఇంట్లోకి తీసుకుపోయి తలుపు వేయగానే నీలవ్వ అతని చెవి పట్టుకుంది.

"ఎవరి పిల్లాడివిరా నువ్వు? తొమ్మిది వందల ఏళ్ళట! నెత్తిమీద ఒక్క తెల్లవెంట్రుక లేదు, నోట్లో ఒక్క పన్ను ఊడలేదు."

అరిందముడు ఊపిరి పీల్చకుండా మొత్తం చెప్పేశాడు. తన పేరు, అన్న పేరు, రాజ్యం పేరు, లోయలో వదిలేసిన గుర్రం పేరు కూడా. నీలవ్వ చెవి వదిలింది.

"నీ అన్నా? మొన్న చలి మొదలైనప్పుడు దింపిన కొత్తరాయి. ముక్కు పొడుగు. అతనికి పొడ అంటించింది నేనే. బోడిరాయి కనబడితే కొత్తదని తెలిసిపోతుందిగా, అందుకని ఆ పొగమొహంవాడు నాచేత అంటింపజేస్తాడు. మా ఆయన పక్కనే నిలబెట్టారు పాపం."

"పాపమెందుకు?"

"మా ఆయన మాదన్న రాయి కాకముందు రోజంతా మాట్లాడుతూనే ఉండేవాడు. రాయయ్యాక కూడా లోపల మాట్లాడుతున్నాడనే నా అనుమానం."

నవ్వుతూనే అంది. కానీ కిటికీలోంచి బయలుకేసి చూసినప్పుడు ఆమె చూపు ఎక్కడ ఆగిందో అరిందముడు గమనించాడు. పరుగెత్తేవాడికీ అప్పుడప్పుడు కొన్ని కనబడతాయి.

మాదన్న చేసిన తప్పల్లా ఒక్కటే. కొండకోటలో ధూమశిఖుడి నల్లకుంపటి ఆరకుండా పొగ కక్కుతుంటుంది. గురువుల గురువుల నుంచి వస్తున్న కుంపటి అది, మంత్రమంతా దాని పొగలోనే ఉంది. పొడకు మంచు పడుతుంది, గాలి పడుతుంది, వడగళ్ళు పడతాయి. పొగ మాత్రం పడదు. కోటవైపు రాళ్ళమీద పొడలన్నీ పెళుసెక్కి రాలిపోయాయి. పొడ రాలినవాళ్ళు బతికుండగానే కర్మకాండ అయినవాళ్ళలా తలవంచుకు తిరుగుతున్నారు. ఆ సంగతి మాదన్న కోట గుమ్మం ముందు నిలబడి అడిగాడు. సగం వాక్యంలో రాయయ్యాడు.

"కుంపటి ఆరితే అందరూ లేస్తారు," అంది నీలవ్వ. "ముందు పాతరాళ్ళు, చివర కొత్తవి. కానీ ఆర్పేదెవరు? అక్కడికి పోయినవాళ్ళు రాళ్ళై దిగొస్తున్నారు."

అంతలో పొగగొట్టంలోంచి నల్లటి పొగ లోపలికి దిగింది. దిగి, చేతులూ కాళ్ళూ మొలిచి, తలపాగా కూడా పెట్టుకుని భటుడై నిలబడింది.

"తొమ్మిది వందల ఏళ్ళ యువకుడు తమరేనా? యౌవనం నిలుపుకునే రహస్యం చెప్పడానికి రేపు పొద్దున్న తమరు కోటకు రావాలని ప్రభువులవారి ఆజ్ఞ. చెప్పకపోతే ఏమవుతుందో బయల్లో చూసే ఉంటారు." అని దగ్గి, మళ్ళీ పొగగొట్టంలోకి పోయింది.

అరిందముడూ నీలవ్వా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కోట తలుపు దానంతట అదే తెరుచుకుంది అవ్వా!"

"తెరుచుకుంది. లోపలికి పోయి ఏం చెబుతావు? పొడ గురించి నీకేం తెలుసు?"

"నేర్పు. త్వరగా నేర్చుకుంటాను."

"త్వరగానా?" అని నీలవ్వ ఎంతసేపు నవ్విందంటే, పొయ్యి మీది గంజి పొంగి కిందికి కారింది.

పెరట్లో ఒక రాయి ముందు కూర్చోబెట్టి పని చెప్పింది. రాయి గరుకుగా ఉండాలి, నునుపు రాతికి పొడ పట్టదు. ఉత్తరం వైపు మొహం చూసుకోవాలి, మధ్యాహ్నపు ఎండ పడకూడదు. మంచు కరిగిన నీళ్ళతో కడగాలి. ముసలి పొడలోంచి గిల్లిన పెచ్చును వేళ్ళమధ్య పొడిచేసి, పులిసిన పలచటి గంజిలో కలిపి, ఈకతో పూయాలి. గాలికి ఎగిరిపోకుండా మొదటి చలికాలం ఉన్నిజాలి కప్పాలి.

అరిందముడు ఇవన్నీ ఆమె చెప్పడం పూర్తికాకముందే చేసేశాడు. ఆమె లోపలికి వెళ్ళి వచ్చేసరికి రాతిమీద కడివెడు నీళ్ళు కుమ్మరించి, దాని అడుగున గంపెడు గొర్రెపెంట వేసి, పక్కన చతికిలబడి తదేకంగా చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఎరువు వేశాను. ఎంత పెరిగింది అవ్వా?"

"ఓరి నీ తొందర కూలా! ఇదేమన్నా మీ అంతఃపురం బంతితోటా? పెంట ఘాటుకు పొడ చస్తుంది. నీళ్ళు పోసేది నువ్వు కాదు, మంచు. ఎండితే బూడిదరంగుకు తిరిగి నిద్రపోతుంది, ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. తడి తగలగానే పచ్చబడి లేస్తుంది. అప్పుడు నాలుగు ముద్దలు తిని మళ్ళీ పడుకుంటుంది."

"తిండెక్కడిది? ఉన్నది రాయే కదా?"

"పొడ అంటే ఒక్కటి కాదురా అబ్బీ, ఇద్దరు. తెల్లపోగులాంటివాడు ఒకడు. రాతిని పట్టుకుని ఇల్లు కడతాడు, నీళ్ళు దాచిపెడతాడు. వాడికి వంట రాదు. ఆ ఇంట్లో పచ్చగింజలాంటిది ఒకతి ఉంటుంది. ఎండ తగిలితే చాలు, వండి పెడుతుంది. దానికి ఇల్లు కట్టడం రాదు. విడిగా ఉంటే ఇద్దరూ ఈ చలికి ఒక్కరోజు నిలవరు. కలిసుంటే వెయ్యేళ్ళు." ఆమె చేతిలోని ఈకను కాసేపు తిప్పింది. "దెబ్బలాడుకోకుండా ఉంటారని మాత్రం నేను ఒప్పుకోను."

అరిందముడు మొదటిసారి ఒక విషయాన్ని చివరిదాకా విన్నాడు.

*

కొండకోట నల్లటి గుడ్లగూబలా శిఖరం మీద కూర్చుని ఉంది. బురుజులు దాని చెవులు, రెండు గవాక్షాలు దాని కళ్ళు. పొగ పట్టిన గోడల మీద గోరంత పొడ కూడా లేదు. కోట ముందు అగాధం. దానిమీద పొగతో నేసిన వంతెన. నిలబడి ఆలోచించేవాడి కాలికింద అది విడిపోతుంది. అరిందముడు ఆలోచించేవాడు కాదు కనుక, వంతెనకు సంగతి తెలిసేలోపే అవతలి ఒడ్డున ఉన్నాడు. గుమ్మంలో రాతిపులి లేచి గాండ్రించబోయింది. అది నోరు తెరిచేసరికి అతను దాని తోక దాటి వెళ్ళిపోయాడు. ఎవరిని చూసి గాండ్రించాలో తెలియక పులి ఆవలించి పడుకుంది.

లోపల, మంచమంత నల్లకుంపటి పక్కన, ధూమశిఖుడు కూర్చుని దగ్గుతున్నాడు. పొగకు కనుబొమలు కూడా రాలిపోయిన మొహం.

"తమరేనా? నమ్మశక్యంగా లేదే," అన్నాడు.

"పొడమీద చెయ్యి వేసి చెప్పాను."

ధూమశిఖుడు ఎంత మాంత్రికుడైనా ఆ కొండల బిడ్డే. దేవుణ్ణి నమ్మడు, నీడను నమ్మడు, సొంత కుంపటిని కూడా అరగంటకోసారి తొంగి చూసుకుంటాడు. అలాంటివాడికి కూడా పొడమీద వేసిన చెయ్యిని శంకించాలనే ఊహ రాలేదు. పైగా అతని దిగులు వేరు.

"నా పొడ కిందటి ఏడు రాలిపోయింది," అన్నాడు గొంతు తగ్గించి. "మా అమ్మ అంటించింది. పెచ్చు కూడా మిగల్లేదు. నేను చచ్చిపోతానా?"

అరిందముడికి ఒక్క క్షణం జాలి కలిగింది. బయల్లో నిలబడ్డ అన్న పొడుగు ముక్కు గుర్తొచ్చి ఆ జాలి వెళ్ళిపోయింది.

"పొడ పోయినవాడు తనే పొడలా బతకాలి," అన్నాడు గంభీరంగా. "నేను తొమ్మిది వందల ఏళ్ళు అలాగే బతికాను. గరుకురాతి మీద, ఉత్తరానికి మొహం పెట్టి కూర్చోవాలి. ఒంటికి పులిసిన గంజి పూసుకోవాలి. ఎండితే నిద్ర, తడిస్తే మెలకువ. కదలకూడదు. ముఖ్యంగా తొందరపడకూడదు." ఈ ఆఖరి మాట అంటుంటే అతని నాలుకకే వింతగా అనిపించింది. "ఇంకొక్కటి. పొగ అసలు పడదు."

"పొగా?" ధూమశిఖుడు కుంపటిని చూశాడు, చేతులమీది ముడతలను చూసుకున్నాడు. "ఎంతకాలం ఆర్పాలి?"

"యౌవనం వచ్చేదాకా. మళ్ళీ వెలిగించుకోవడం ఎంతసేపు?"

మాంత్రికుడు లేచి, గంపలతో మంచు తెచ్చి, తన చేతులతోనే కుంపటి ఆర్పాడు. ఆ తరవాత బురుజుకు ఉత్తరాన ఒక రాతిమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అరిందముడు అతని బోడిగుండు నుంచి బొజ్జదాకా ఈకతో గంజి పూశాడు. చెవుల వెనక కూడా పూశాడు, పని శ్రద్ధగా చేయాలని నీలవ్వ చెప్పింది మరి.

"చక్కిలిగింతగా ఉంది," అన్నాడు ధూమశిఖుడు.

"పొడలు నవ్వవు."

మాంత్రికుడు మొహం బిగించి కళ్ళు మూసుకున్నాడు. చలిగాలికి గంజి ఎండింది. ఎండగానే, చెప్పిన మాట తప్పకుండా, గురక పెట్టాడు.

*

అరిందముడు కొండ దిగేసరికి బయల్లో కలకలం. నడిమధ్య ఉన్న పెద్దరాయి పెటపెటమంటోంది. భుజాలు విడ్డాయి, మోకాళ్ళు విడ్డాయి. మంచురంగు గడ్డంతో రెండు నిలువుల మనిషి ఒకడు కళ్ళు తెరిచాడు. రొమ్మున చేటంత పొడ అలాగే ఉంది. అతను ప్రాలేయ మహారాజు. తాతల తాతలు కథల్లో చెప్పుకున్న పేరు.

ఆ తరవాత ఒక్కొక్క రాయే లేవసాగింది. ఒక బోడితల రాయికి మూతి ఊడీ ఊడకముందే మాట ఊడిపడింది.

"...అందుకే చెబుతున్నాను, ఆ పొగ ఇటు రాకుండా పొగగొట్టమైనా అటు తిప్పించండి అని! ఏమే నీలా, ఇంతమంది ఉన్నారేమిటి? కూడు వండావా?"

"అప్పుడే లేచావా? ఇంకాసేపు నిలబడలేకపోయావా?" అంది నీలవ్వ. అంటూనే కొంగుతో అతని మొహంమీది రాతిపొడి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

అరిందముడు ఇవేవీ చూడలేదు. పక్కరాయి ముందు నిలబడి ఉన్నాడు. పొడుగు ముక్కు రంగు తిరిగింది. పెదవులు మెత్తబడ్డాయి. కళ్ళు విప్పారాయి.

"తమ్ముడూ," అంది ఆ రాయి. "ఇంత ఆలస్యమా?"

అరిందముడి జీవితంలో ఆ మాట అతన్ని అన్నవారు లేరు. అన్నను కావలించుకున్నాడు. మెడ వెచ్చగా ఉంది, రొమ్ము వెచ్చగా ఉంది, నడుం కింద ఇంకా బండరాయే.

సరిగ్గా అప్పుడు ప్రాలేయ మహారాజుకు ఆవలింత వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ళ ఆవలింత. ఆ ఊపుకు కొండమీది మంచుపెళ్ళ విరిగి, నేరుగా బురుజు పక్కన గురకపెడుతున్న ధూమశిఖుడి గుండుమీద పడింది. తడిస్తే మెలకువ! మాంత్రికుడు చివాలున లేచాడు. కిందికి చూస్తే బయలంతా మనుషులు. గంజి చెక్కులు రాలుస్తూ, తిట్లు కురిపిస్తూ, చెకుముకిరాయి కోసం కోటలోకి పరుగెత్తాడు.

కాసేపటికే కోటమీద సన్నటి పొగ లేచింది. జయకేతుడి నడుం మళ్ళీ బిగుసుకోసాగింది. "తమ్ముడూ, చల్లగా ఉంది," అన్నాడు.

అరిందముడు కదిలేలోపే ప్రాలేయ మహారాజు రెండంగల్లో కొండెక్కాడు. గవాక్షం ఊడబెరికి లోపలికి వంగి, ధూమశిఖుణ్ణి మెడపట్టి పక్కన పెట్టి, ఆ నల్లకుంపటి మీద తీరిగ్గా కూర్చున్నాడు. మళ్ళీ రాయి కాబోతున్న ఆ బరువు కింద కుంపటి కుయ్యిమంది.

"నేను ఇక్కడ కూర్చున్నంతకాలం ఇది వెలగదు," అన్న అతని గొంతు లోయంతా మోగింది. "నేను లేస్తే వెలుగుతుంది. ఇంతకూ నా పొడ తనదని చెయ్యి వేసి చెప్పిన మొనగాడెవడు? రాయినై ఉన్నా చెవులున్నాయి నాకు."

బయలు మొత్తం అరిందముడికేసి తిరిగింది. నీలవ్వ వేలుపెట్టి మరీ చూపించింది.

"బాగుంది," అన్నాడు మహారాజు. "ఆ పొడ పేర ఒక్క పనే మిగిలిపోయింది. గాజుజడల కొండ వెనక మంచుగుహలో హిమరేఖ అనే యక్షకన్య ఉంది. ఆమెను పెళ్ళాడడానికి వెళుతుంటే దారిలో ఈ కుంపటి పొగ తగిలి రాయినయ్యాను. ముహూర్తం పొద్దున్నకని చెప్పాను. ఆమెకు కోపం వచ్చిందంటే ఈ ఊళ్ళన్నీ మంచుకిందికి పోతాయి. ఇంతవరకు ఆ కోపం రాలేదంటే ఇంకా ఎదురుచూస్తోందన్నమాట. పొడ నీదన్నావు, పెళ్ళికొడుకువి నువ్వే. వెళ్ళి నా మాట నిలబెట్టు. నువ్వు తిరిగి వచ్చేదాకా లేవను. వెళ్ళనంటావా, ఇప్పుడే లేస్తాను."

"నేనా? పెళ్ళా?" అన్నాడు అరిందముడు.

"వెళ్ళు తమ్ముడూ," అన్నాడు జయకేతుడు తొడలు తడుముకుంటూ. "నా కాళ్ళు ఆయన కూర్చోవడంమీద ఉన్నాయి. పైగా నీ పెళ్ళి నాకంటే ముందవుతుందని నాకెప్పుడూ అనుమానమే."

"తొమ్మిది వందల ఏళ్ళు ఆగిన పెళ్ళికూతురు. కాస్త మర్యాదగా మాట్లాడు తాతా," అంది నీలవ్వ.

"బంతులూ భజంత్రీలూ లేకుండా పెళ్ళేమిటి? మా రోజుల్లో..." అని మాదన్న మొదలుపెట్టాడు.

అరిందముడు అప్పటికే పరుగులో ఉన్నాడు. వెనకనుంచి ప్రాలేయ మహారాజు మరొక్క మాట అరిచాడు. "ఒక్కటి గుర్తుంచుకో! ఏం జరిగినా ఆ గడప దగ్గర మాత్రం కూర్చోకు!"

ఆ మాట బయల్లో అందరూ విన్నారు. వినవలసినవాడు వినలేదు. అతను మలుపు తిరిగిపోయాడు.

మంచునది దాటాడు, అది పగిలేలోపే. తెల్ల ఎలుగుబంటి ఒకటి వెంటపడి, కొంతదూరం పోయాక ఆయాసపడి మానుకుంది. గాజుజడల మధ్యనుంచి దూరి, కొండ వెనక్కి దిగాడు. అక్కడ నీలిమంచుతో చెక్కిన మంచుగుహ. తలుపులమీద గడ్డకట్టిన పారిజాతాలు, ద్వారబంధానికి మంచుముత్యాల తోరణం. ఎక్కడా అడుగుజాడ లేదు, చప్పుడు లేదు. అరిందముడు ఒళ్ళు దులుపుకుని, తలుపు తట్టాడు.

"ఎవరు?" వీణ మీటినట్టుంది గొంతు.

"పెళ్ళికొడుకును. కొంచెం ఆలస్యమైంది."

లోపల గాజుల చప్పుడు. ఏదో పెట్టె మూత పడిన చప్పుడు. "అయ్యో, అప్పుడే వచ్చేశారా? ముస్తాబు కాలేదు. ఒక్క క్షణం అలా కూర్చోండి."

అంత దూరం పరుగెత్తి వచ్చినవాడు, గడప పక్కనున్న గరుకురాతి మీద కూర్చున్నాడు. ఉత్తరం వైపు మొహంపెట్టిన రాయి. చల్లగా, హాయిగా ఉంది. వేళ్ళతో మోకాలి మీద తాళం వేశాడు. లోపల గాజులు గలగలమన్నాయి. భుజంమీద దురద పుడితే గోకబోయి చూశాడు.

గొర్రెతోలు మీద కాషాయరంగు చుక్క. ఆవగింజంత.

'బిడ్డ నడక నేర్చేనాటికి ఆవగింజంత.' పెరట్లో నీలవ్వ పని నేర్పుతూ అన్న మాట. గోరుతో గీకాడు. ఊడిరాలేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. మిరియమంత.

"అమ్మాయీ!" అని కేకవేశాడు. "నేను వచ్చి ఎంతసేపైంది?"

"ఇప్పుడేగా వచ్చారు! ఒక్క జడగంట పెట్టుకోవాలి, అంతే."

కొండకవతల నల్లకుంపటి మీద కూర్చున్న మనిషి, కాళ్ళు తిరిగి వచ్చాయో లేదో తెలియని అన్న, పొగగొట్టం సంగతి ఇంకా మాట్లాడుతూ ఉండవలసిన మాదన్న అందరూ ఒక్కసారి అతని కళ్ళముందు మెదిలారు. లేవబోయాడు. రాయి వదల్లేదు. జీవితంలో మొదటిసారి అరిందముడు కూర్చున్నచోటనే ఉండిపోయాడు. భయం భయంగా భుజంకేసి తల తిప్పాడు.

చింతగింజంత.